యువత కోసం మానసిక ఆరోగ్య కేంద్రం: నిర్ణయాల్లో యువతకు చోటు ఎక్కడ, ఎంత?

మీరు రాసినది క్లుప్తంగా ఇది: జిల్లా కేంద్రంలో ఒక ట్రస్టు తరఫున 14 నుంచి 24 ఏళ్ల వారి కోసం కౌన్సెలింగ్ కేంద్రం తెరవబోతున్నారు. భవనం సిద్ధంగా ఉంది, ఒక సైకాలజిస్టు చేరారు, సైకియాట్రిస్టు వారానికి రెండు రోజులు వస్తారు. సేవల రూపకల్పనలో యువతను భాగస్వాములను చేయాలని నిధులిచ్చే సంస్థ షరతు పెట్టింది. కాలేజీ ప్రిన్సిపాళ్లు పంపే పది మంది విద్యార్థులతో సలహా మండలి వేస్తే సరిపోతుందా అని అడిగారు. వైద్యం విషయంలో పిల్లలు చెప్పేదేముంటుందని మీ డాక్టరుగారు అంటున్నారని కూడా రాశారు.

మండలి వేసినంత మాత్రాన సరిపోదండీ. వాళ్ల మాటతో మారగలిగే నిర్ణయాలు ఏవో మీరు ముందే తేల్చుకుని, వాటిని నిజంగా వాళ్ల చేతిలో పెట్టి, పెట్టిన తరువాత ఏం జరిగిందో వాళ్లకు తిరిగి చెప్పగలిగితేనే అది భాగస్వామ్యం అవుతుంది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పద్దెనిమిదేళ్లుగా ఇటువంటి కేంద్రాలలో పనిచేస్తూ, ముఖ్యంగా మేము చేసిన పొరపాట్ల నుంచి నేర్చుకున్న మాట ఇది.

నేను మొదట పనిచేసిన కేంద్రంలో మేమూ మీరు అనుకుంటున్నట్టే మండలి వేశాం. ప్రిన్సిపాళ్లు పంపినవారు సహజంగానే తరగతిలో ముందుండేవారు, పెద్దల ఎదుట చక్కగా మాట్లాడగలిగేవారు. గోడల మీద మంచి మాటలు రాయించాలని, అవగాహన ర్యాలీ తీయాలని రెండు సమావేశాల్లో చెప్పారు. మేము సంతోషించి అన్నీ మినిట్స్‌లో రాసుకున్నాం. మూడో సమావేశానికి ఒక సభ్యురాలు తన హాస్టల్ స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయి అంతకుముందు ఒకసారి మా దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండానే గుమ్మం దగ్గరి నుంచి వెనక్కి వెళ్లిపోయిందట. ఎందుకని అడిగితే ముందు గదిలోని బల్ల వైపు చూపించింది. బల్ల మీద పొడవాటి రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను ఉన్నాయి. వచ్చినవారు పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు రాసి, చివర "సమస్య" అనే గడి కూడా నింపాలి. రాయడానికి వంగితే పైనున్న వరసలన్నీ కనిపిస్తాయి. "పై వరసలో మా క్లాసు అబ్బాయి పేరుంది మేడమ్. రేపు వచ్చినవాళ్లకి నా పేరు కనిపిస్తుంది కదా. అసలు ఈ పుస్తకం ఎవరెవరు చూస్తారు?" అని అడిగింది. మా దగ్గర సమాధానం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత హక్కును చెప్పే 23వ సెక్షన్ గురించి మేమే ఊరూరా శిక్షణలు ఇస్తూ ఉండేవాళ్లం. ఆ పుస్తకాన్ని శుభ్రం చేసే ఆయమ్మ చూస్తుంది, ఫ్యాన్ బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చూస్తాడు, తరువాత వచ్చే ప్రతి ఒక్కరూ చూస్తారు. వారం తిరిగేలోగా రిజిస్టరు తీసేసి, ఎవరి చీటీ వారికి ఇచ్చి లోపల తీసుకునే పద్ధతి పెట్టాం. "సమస్య" గడిని పూర్తిగా ఎత్తివేసి, ఆ మాట కౌన్సెలర్ గదిలో మాత్రమే అడగాలని నిర్ణయించాం.

ఆ రోజు నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. మాకు అవసరమైన సలహా మేము ఎంపిక చేసిన పది మంది దగ్గర లేదు, గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన మనిషి దగ్గర ఉంది. ఆ సలహాకు వైద్యశాస్త్రం తెలిసి ఉండనక్కరలేదు, గుమ్మం దగ్గర నిలబడి ఉంటే చాలు.

ఈ వయసువారి కోసం సేవలు ప్రత్యేకంగా ఎందుకు ఆలోచించాలో మీకు తెలిసే ఉంటుంది. అయినా ట్రస్టు సభ్యులకు చెప్పడానికి ఒక లెక్క పనికొస్తుంది. 192 అధ్యయనాలను కలిపి చూసిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం, జీవితంలో మానసిక రుగ్మత వచ్చినవారిలో దాదాపు 35 శాతం మందికి అది 14 ఏళ్లలోపే, 48 శాతం మందికి 18 ఏళ్లలోపే, 62 శాతానికి పైగా మందికి 25 ఏళ్లలోపే మొదలవుతోంది. మన ఆసుపత్రుల్లో మాత్రం సాధారణంగా 18 ఏళ్ల దగ్గర గీత ఉంటుంది. ఆ గీత దాటినవారు పిల్లల విభాగం నుంచి పెద్దల ఓపీకి, కొత్త డాక్టరు దగ్గరికి, కొత్త చీటీతో వెళ్లాలి. కష్టం ముదిరే వయసులోనే మనం చేయి మారుస్తున్నాం. మీరు 14 నుంచి 24 వరకు ఒకే కప్పు కింద పెట్టడం అందుకే మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

ఇలా ఒకే కప్పు కింద పెట్టిన ప్రయత్నాల్లో అందరూ చెప్పుకునేది ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన హెడ్‌స్పేస్. 12 నుంచి 25 ఏళ్ల వారికి మానసిక ఆరోగ్యంతో పాటు శారీరక ఆరోగ్యం, మద్యం, మాదకద్రవ్యాల అలవాట్లు, చదువు ఉద్యోగాల విషయంలో సాయం అక్కడ ఒకే చోట దొరుకుతుంది. ఇప్పుడు ఆ దేశంలో అటువంటి కేంద్రాలు 150కి పైగా ఉన్నాయి. ఆ ఆలోచనకు ప్రధానంగా కృషి చేసినవారిలో మెల్‌బోర్న్‌కు చెందిన సైకియాట్రిస్టు పాట్రిక్ మెక్‌గోరీ ఒకరు. 2010లో ఆయనను ఆ దేశం "ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్"గా గౌరవించింది. అక్కడి నుంచి మీరు తీసుకోదగినది భవనం నమూనా కాదు. స్థానిక కేంద్రాలకు యువతతో కూడిన బృందాలు ఉంటాయి, జాతీయ స్థాయిలో మరొక బృందం ఉంటుంది, ఉద్యోగుల ఎంపిక ఇంటర్వ్యూలలో కూడా యువతీయువకులు కూర్చునే పద్ధతి ఉంది. ఈ చివరిది మన దగ్గర చెబితే పెద్దలు ఉలిక్కిపడతారు. కానీ ఒక్కసారి చేసి చూడండి. అభ్యర్థి డిగ్రీలు, అనుభవం మీరు చూసుకోండి, "అర్ధరాత్రి మీకు మెసేజ్ పెడితే ఏం చేస్తారు?", "మా అమ్మకి చెప్పొద్దంటే చెప్పరా?" అన్న రెండు ప్రశ్నలు వాళ్లను అడగనివ్వండి. జవాబు ఎంత సరైనదో మనం తూస్తాం. ఆ జవాబు చెప్పేటప్పుడు ఎదుటి మనిషి ముఖం ఎలా ఉందో వాళ్లు చూస్తారు.

భాగస్వామ్యం నిజమైనదా కాదా అని తూకం వేసుకోవడానికి రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన చిన్న పుస్తకంలోని ఎనిమిది మెట్ల నిచ్చెనను నేను ఇప్పటికీ వాడుతుంటాను. అందులో కింది మూడు మెట్లను ఆయన భాగస్వామ్యం కింద లెక్కించనే లేదు: పెద్దల మాటను పిల్లల నోట పలికించడం, పిల్లలను అలంకారంగా వేదిక మీద నిలబెట్టడం, పేరుకు మాత్రం కుర్చీ ఇచ్చి మాటకు విలువ ఇవ్వకపోవడం. ప్రారంభోత్సవం నాడు యూనిఫాంలో నిలబెట్టి పూలగుత్తి ఇప్పించే అమ్మాయి రెండో మెట్టు మీద ఉంది. మా మొదటి మండలి మూడో మెట్టు మీద ఉంది. అందరూ ఎనిమిదో మెట్టు ఎక్కాలని నేను అనను. అత్యవసర పరిస్థితిలో ఏ మందు వాడాలో యువత ఓటు వేయాల్సిన పని లేదు. అయితే ఏ విషయంలో ఏ మెట్టు మీద ఉన్నామో దాపరికం లేకుండా మొదటి రోజే చెప్పాలి. "ఈ మూడింటిలో మీదే తుది మాట, ఈ రెండింటిలో మీ సలహా తీసుకుని మేము నిర్ణయిస్తాం, ఇది మాత్రం డాక్టరుగారి బాధ్యత" అని కాగితం మీద రాసిస్తే పిల్లలు ఎంతో హుందాగా అర్థం చేసుకుంటారు.

తుది మాట వాళ్లకే వదలదగినవి మీరు అనుకునేదాని కంటే ఎక్కువే ఉంటాయి. బోర్డు మీద ఏం రాయాలి అన్నది మొదటిది. "మానసిక చికిత్స" అని మెయిన్ రోడ్డు మీద పెద్ద అక్షరాలు కనిపిస్తే, బస్సులో వెళ్లే మేనమామ చూస్తాడన్న భయంతో లోపలికి రాని పిల్లలున్నారు. రెండోది వేళలు. మీరు ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు అని రాశారు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్స్ రాత్రి దాకా నడుస్తాయి, ఔటింగ్ ఇస్తే ఆదివారం ఇస్తారు. ఆదివారం మూసి ఉన్న కేంద్రం ఆ పిల్లల దృష్టిలో లేనట్టే. సెలవు మార్చుకోవడం సిబ్బందికి ఇబ్బందే, నాకు తెలుసు. ఆ ఇబ్బందిని సిబ్బందితో చర్చించే సమావేశంలోనూ ఇద్దరు విద్యార్థులను కూర్చోబెట్టండి, రెండు వైపుల కష్టం ఇద్దరికీ తెలుస్తుంది.

మూడోది భాష. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తెలుగులో సేవలందించే మనకు ఇది చాలా ముఖ్యం. మా ప్రశ్నపత్రంలో "మీకు తరచుగా ఆందోళన కలుగుతోందా?" అని ఉండేది. ఇంటర్ చదివే ఒక అబ్బాయి "నేను ఆందోళనల్లోకి వెళ్లను మేడమ్, మా నాన్న ఒప్పుకోడు" అన్నాడు. అతనికి ఆ మాట పత్రికల్లో చదివే ధర్నాలు, రాస్తారోకోల మాటగానే తెలుసు. "కుంగుబాటు", "నిస్పృహ" అన్నవి అర్థమైనా తమ మాటలుగా ఎవరూ వాడరు. వాళ్ల నోట వినిపించేవి "మనసు బాలేదు", "ఏం చేయబుద్ధి కావట్లేదు", "చదివింది ఎక్కట్లేదు", "గుండె దడగా ఉంటోంది", "ఇంట్లో ఎవరితోనూ మాట్లాడాలనిపించట్లేదు" వంటివి. కరపత్రాలు, ఫోన్‌లో పలకరించే మాటలు, మొదటి చీటీ మీది ప్రశ్నలు ఇవన్నీ యువత చేత తిరగరాయించండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: తీవ్రతను కొలవడానికి మీ సైకాలజిస్టు వాడే ప్రామాణిక స్కేళ్లలోని వాక్యాలను మండలి చేత మార్పించకండి. ఆ వాక్యాలు మారితే వచ్చే స్కోరుకు అర్థం ఉండదు. ప్రశ్న అర్థం కానివారికి దాన్ని ఎలా విడమరిచి చెప్పాలో మాత్రం పిల్లల దగ్గరే నేర్చుకోవచ్చు.

వినే మనిషి ఎవరన్నది ఎంత ముఖ్యమో చూపించిన అధ్యయనం ఒకటి మన దేశంలోనే జరిగింది. బీహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సెహర్ పేరుతో చేసిన పరిశోధన ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. కొన్ని బడుల్లో స్థానికంగా ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్లు, కొన్నింటిలో అదే శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఒకే కార్యక్రమాన్ని నడిపారు. కౌన్సెలర్లు నడిపిన బడుల్లో వాతావరణం, కుంగుబాటు లక్షణాలు, వేధింపులు వంటి అంశాల్లో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. ఉపాధ్యాయులు నడిపినచోట అటువంటి ఫలితం రాలేదు. మార్కులు వేసే చేతికి మనసులో మాట అందించడం కష్టమని నాకు తోస్తుంది. ఆ కార్యక్రమంలో విద్యార్థులు తమ ఫిర్యాదులు, సూచనలు రాసి వేసే పెట్టె ఒకటి ఉండేది, గోడపత్రిక కూడా ఉండేది. సలహాల పెట్టెలు మన కాలేజీల్లోనూ ఉన్నాయి. చాలాచోట్ల దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. మీరు పెట్టె పెడితే, దాన్ని నెలకు రెండుసార్లు ఇద్దరు యువ సభ్యులు, ఒక సిబ్బంది కలిసి తెరవాలని, వచ్చిన ప్రతి సూచనకు "చేశాం", "చేయలేం, కారణం ఇది" అన్న జవాబు పేర్లు లేకుండా గోడ మీద అతికించాలని నియమం పెట్టండి. "చేయలేం" అన్న జవాబు కూడా పిల్లల నమ్మకాన్ని పెంచుతుందని నేను కళ్లారా చూశాను.

చట్టం, విధానం వైపు నుంచి మీకు బలం ఉంది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు, దానికి తగిన విలువ పొందే హక్కు పిల్లలకు ఉన్నాయని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ చెబుతుంది. భారతదేశం 1992లో అందులో చేరింది. 2014 జనవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల వారికి ఉద్దేశించినది, మానసిక ఆరోగ్యం అందులోని ఆరు ప్రధానాంశాల్లో ఒకటి. అందులో తోటి వయసు పిల్లలనే పీర్ ఎడ్యుకేటర్లుగా తీసుకుంటారు. నేను చూసినంతలో ఆ పిల్లలు పైనుంచి వచ్చిన సందేశాన్ని కిందికి చేర్చడానికే ఎక్కువగా పనికొస్తున్నారు, కింది మాట పైకి తీసుకువెళ్లే దారి వాళ్లకు దొరకడం లేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సోషల్ వర్కర్‌ను నియమించాలన్నది వాటిలో ఒకటి. నియామకం యాజమాన్యం చేతిలో పని. నియమించిన కౌన్సెలర్ గది తలుపు తట్టాలా వద్దా అన్నది మాత్రం విద్యార్థి నిర్ణయం. మీ చుట్టుపక్కల కాలేజీలు ఇప్పుడు కౌన్సెలర్ల కోసం వెతుకుతుంటాయి కనుక, మీ యువ బృందం ఆ కాలేజీలకు కూడా ఉపయోగపడుతుంది.

ఇక ఎవరిని తీసుకోవాలి అన్నది. ప్రిన్సిపాళ్ల సిఫారసు వద్దు. సాధారణ డిగ్రీ కాలేజీ, పాలిటెక్నిక్, గురుకులం, సంక్షేమ హాస్టల్ వీటి నుంచి ఒక్కొక్కరు, చదువు మానేసి మెకానిక్ షెడ్డులోనో బట్టల కొట్టులోనో పనిచేసేవారి నుంచి కనీసం ఇద్దరు, పెళ్లయిన చిన్న వయసు అమ్మాయిల నుంచి ఒకరు ఉండేలా చూడండి. మీ పట్టణంలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉంటే వారి నుంచి కూడా. గతంలో మానసిక సమస్యకు చికిత్స తీసుకుని కుదుటపడినవారు ఉంటే వారి అనుభవం విలువ కట్టలేనిది, కానీ మండలిలో చేరడానికి ఎవరూ తమ జబ్బు గురించి చెప్పుకోవాల్సిన అవసరం ఉండకూడదు. వేదికల మీద "నా కథ" చెప్పించకండి. నిధులిచ్చేవారు అడుగుతారు, పత్రికలవారు అడుగుతారు. పదిహేడేళ్లప్పుడు చెప్పిన మాట ఇరవై ఐదేళ్లకు పెళ్లి సంబంధం దగ్గర ఎదురవుతుందని గుర్తుంచుకుని మీరే వద్దనండి.

18 ఏళ్ల లోపు వారికి తల్లిదండ్రుల అంగీకారపత్రం, వాళ్ల సొంత అంగీకారం రెండూ తీసుకోవాలి. తల్లిదండ్రులకు రాసే ఉత్తరంలో "ఇది చికిత్స కాదు, సేవలు ఎలా ఉండాలో సలహా ఇచ్చే బృందం" అని మొదటి వాక్యంలోనే ఉండాలి. లేకపోతే మా పిల్లకు ఏమైందని ఇంట్లో గొడవ మొదలవుతుంది. గోప్యతకు ఉన్న హద్దు కూడా ముందే చెప్పండి. ప్రాణానికి ప్రమాదం ఉందని తెలిస్తే ఒక పెద్దవారికి చెప్పక తప్పదు. 18 ఏళ్ల లోపువారిపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం విధి. ఈ సంగతి ముందు చెప్పకుండా, మాట బయటపడ్డాక చెబితే అది పిల్లల దృష్టిలో నమ్మకద్రోహం. ప్రతి సమావేశానికీ చర్చలో పాల్గొనని ఒక కౌన్సెలర్ పక్క గదిలో అందుబాటులో ఉండాలి. ఎవరైనా లేచి వెళ్లిపోతే వెనుకే వెళ్లి పలకరించడం ఆ మనిషి పని. ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, దాని ఉచిత నంబరు 14416 సభ్యులందరి ఫోన్‌లలో ఉండాలి, ఎందుకంటే మండలి సభ్యుడని తెలిశాక రాత్రి పూట స్నేహితులు వాళ్లకే ఫోన్ చేస్తారు. ఆ భారం మోయడం వాళ్ల పని కాదని, ఆ నంబరు ఇచ్చి మరుసటి రోజు మీకు చెబితే చాలని మొదటి శిక్షణలోనే నేర్పండి.

డబ్బు విషయం మీరు అడగలేదు, అయినా చెబుతాను. మీ సమావేశానికి వచ్చే డాక్టరుగారికి, ఆడిటరుకు ఫీజు ఇస్తున్నప్పుడు, ఒక పూట కూలి వదులుకుని వచ్చే కుర్రవాడికి టీ, బిస్కెట్లతో సరిపెట్టడం న్యాయం కాదు. బస్సు ఛార్జీ, భోజనం, గౌరవ భృతి బడ్జెట్‌లో ఒక పద్దుగా రాయండి. ఛార్జీ అక్కడికక్కడే చేతికివ్వండి. బిల్లు పెట్టి నెల తరువాత తీసుకోమంటే డబ్బు లేనివారు మళ్లీ రారు, ఉన్నవారే మిగులుతారు. ఇంటర్ రెండేళ్లే కనుక సభ్యులు త్వరగా మారిపోతారు. ఏటా సగం మంది మాత్రమే మారేలా చూస్తే పాతవారు కొత్తవారికి పని చూపిస్తారు. పరీక్షల నెలల్లో సమావేశాలు పెట్టకండి.

మీ డాక్టరుగారి మాటకు వస్తాను. ఆయన సందేహంలో చెడు ఉద్దేశం లేదు. బాధ్యత తన మీద ఉన్నప్పుడు ఇతరుల మాట వినడం ఎవరికైనా బరువే. ఆయనతో భాగస్వామ్యం సిద్ధాంతం గురించి వాదించకండి. మొదటి సమావేశానికి ఆయనకే జవాబు తెలియని ప్రశ్న ఒకటి తెమ్మని అడగండి. మాతో పనిచేసిన ఒక సైకియాట్రిస్టు తెచ్చిన ప్రశ్న "మందులు మొదలుపెట్టిన పిల్లలు రెండో వారానికే ఎందుకు ఆపేస్తున్నారు?" అన్నది. దుష్ప్రభావాల గురించి, ఖర్చు గురించి వస్తాయని ఆయన అనుకున్నారు. హాస్టల్‌లో మాత్రలు పెట్టుకునే చోటే లేదని, ట్రంకు పెట్టె తెరిస్తే పక్కవాళ్లందరూ చూస్తారని, రాత్రి పదికి వేసుకుంటే ఉదయం నాలుగున్నరకు లేపే బెల్లుకు లేవలేక వార్డెన్ చేత మాటలు పడుతున్నారని పిల్లలు చెప్పారు. ఆయన ఆ సాయంత్రం నుంచే చీటీ రాసే ముందు "హాస్టలా, ఇల్లా? ఎన్నింటికి లేస్తావు?" అని అడగడం మొదలుపెట్టారు. మాత్ర వేసుకునే వేళను, వీలున్నచోట మాత్రనే, దాన్నిబట్టి రాసేవారు.